పాయ

నదికి పాయలుంటాయి, జడకు పాయలుంటాయి, వెల్లుల్లికి పాయలుంటాయి. మూడింటికీ ఒకే మాట వాడుతూ మనం ఆ మాట దగ్గర ఎన్నడూ ఆగం. రెండక్షరాల మాట, పాఠ్యపుస్తకాల్లో పెద్ద పీట లేనిది. నాకు మాత్రం ఈ మధ్య దీనిమీద గౌరవం బాగా పెరిగింది. అందుకు కారణం కంప్యూటరు.

ప్రోగ్రాములు రాసేవాళ్లు ఒంటరిగా రాయరు. ఇవాళ ఒకరు ఒక పంక్తి మారుస్తారు. రేపు ఇంకొకరు దాన్ని కొట్టేస్తారు. ఎల్లుండికి మొదటిదే నయమని తేలుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారు, ఎందుకు మార్చారు అన్నదంతా రాసిపెట్టి, కావాలంటే పాత రూపానికి వెనక్కి పోనిచ్చే ఏర్పాటును వర్షన్ కంట్రోల్ అంటారు. 1972లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ ఎస్‌సీసీఎస్ అనే పరికరం తయారుచేశాడు. 1982లో వాల్టర్ టిషీ ఆర్‌సీఎస్ తెచ్చాడు. లినక్స్ కెర్నెల్ రాసేవాళ్లకు బిట్‌కీపర్ అనే వ్యవస్థను ఉచితంగా వాడుకునే వీలు పోవడంతో, 2005 ఏప్రిల్‌లో లైనస్ టోర్వాల్డ్స్ సొంతంగా ఒకటి రాసుకున్నాడు. అదే గిట్. ఓపెన్ సోర్స్ లోకంలో, అంటే మూలపాఠం అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ లోకంలో, ఇప్పుడు గుమ్మం దాటాలంటే గిట్ రావాలి.

వర్షన్ లాటిన్ నుంచి వచ్చింది. మూలం వెర్తెరె, తిరుగుట. అదే ధాతువు సంస్కృతంలో వృత్. వర్తనం, వృత్తం, ప్రవృత్తి, ఆవృత్తి అన్నీ దాని పిల్లలే. పాత ప్రచురణకర్తలు పుస్తకం రెండోసారి అచ్చువేస్తే ద్వితీయావృత్తి అని వేసేవారు. వర్షన్‌కు తెలుగు కావాలని మనం దేశమంతా గాలిస్తుంటే, దాని తోబుట్టువు మన పుస్తకాల రెండో పేజీలో ఎప్పుడో వచ్చి కూర్చుంది.

కంట్రోల్ కథ ఇంకా బాగుంటుంది. పాత ఫ్రెంచిలో అది రెండు మాటల జంట: ఎదురు, చుట్ట. కాగితాన్ని చుట్టగా చుట్టి లెక్కలు రాసే కాలంలో, అసలు లెక్కతో సరిచూడడానికి ఇంకొకరు రాసి ఉంచే రెండో చుట్ట అది. అధికారం, అదుపు అనే అర్థాలు తర్వాత పుట్టాయి. నియంత్రణ అనగానే మనకు పగ్గాలు గుర్తొస్తాయి గాని, వర్షన్ కంట్రోల్‌లో కంట్రోల్ తన తొలి అర్థానికే తిరిగి వచ్చినట్టుంది. ఆవృత్తులను సరిచూసుకునే రెండో లెక్క, అంతే. గిట్‌లో ఈ రెండో లెక్క ఎక్కడో ఒక్క చోట ఉండదు. ప్రాజెక్టును దించుకున్న ప్రతి మనిషి యంత్రంలోనూ మొదటినుంచీ జరిగిన చరిత్ర మొత్తం ఉంటుంది.

చరిత్ర అన్నాను గనుక ఒక మాట. 2003 డిసెంబరు 10న మొదలైన తెలుగు వికీపీడియాలో ప్రతి పేజీ పైనా ‘చరిత్ర’ అనే మీట ఉంటుంది. నొక్కితే ఆ పేజీలో జరిగిన మార్పులన్నీ తేదీలతో, పేర్లతో కనిపిస్తాయి. గిట్ పేరు వినని తెలుగువాళ్లు కూడా వేలల్లో వర్షన్ కంట్రోల్ వాడుతున్నారన్నమాట. అయితే వికీ పేజీది ఒకే ధార. గిట్‌కు అసలైన బలం అది ఎన్ని ధారలైనా కట్టగలగడంలో ఉంది. ఇంగ్లీషులో వాటికి బ్రాంచ్ అని పేరు. మన దగ్గర ఎవరైనా తెలుగు చేస్తే శాఖ అంటారు.

శాఖ సామాన్యమైన మాట కాదు. సంస్కృత శాఖా, లిథువేనియన్ షకా ఒకే తల్లి బిడ్డలు, రెండింటికీ అర్థం కొమ్మే. రష్యన్‌లో కర్ర నాగలిని సఖా అంటారు. పంగలున్న కొమ్మతోనే తొలి నాగలి చేసుకున్నారని భాషాశాస్త్రజ్ఞులు చెప్పే మాట నమ్మదగ్గదే. పారశీకంలో షాఖ్. అది కొమ్మా అవుతుంది, కొమ్మూ అవుతుంది. ఇక్కడ తెలుగువాడికి సంతోషం కలగాలి. మనకూ కొమ్మ, కొమ్ము దగ్గరి చుట్టాలు. తమిళంలోనైతే కొంబు అనే ఒక్క మాటే చెట్టు మీదా ఉంటుంది, ఎద్దు తల మీదా ఉంటుంది. ఏ సంబంధమూ లేని రెండు భాషాకుటుంబాలు ఒకే పోలికను విడివిడిగా చూశాయి. ఇంగ్లీషు బ్రాంచ్ తాతను వెతికితే కడపటి లాటిన్‌లో బ్రాంకా దొరుకుతుంది. దానికి జంతువు పంజా అని అర్థం. అక్కడ చెట్టు చెయ్యి చాపింది, ఇక్కడ కొమ్ములు విసిరింది.

మంథని వంటి ఊళ్లో శాఖ అంటే ముందు గుర్తుకొచ్చేది చెట్టూ కాదు, రెవెన్యూ శాఖా కాదు. గోదావరి ఒడ్డున గౌతమేశ్వరాలయం, వేదం వల్లెవేసిన ఇళ్లు, ఘనపాఠీలు అన్న బిరుదు గల పెద్దలు ఉన్న ఊరది. అక్కడ ‘మీది ఏ శాఖ’ అంటే ఏ వేదం, అందులో ఏ పాఠం అని. పతంజలి మహాభాష్యం ఆరంభంలోనే లెక్క చెప్పాడు: ఋగ్వేదానికి 21 భేదాలు, యజుర్వేదానికి 101 శాఖలు, సామవేదానికి 1000, అథర్వానికి 9. ఇప్పుడు నోట నిలిచినవి వేళ్ల మీద లెక్కించవచ్చు. సామవేదపు వెయ్యింటికి ఆయన వాడిన మాట వర్త్మ, అంటే దారి. అదీ వృత్ ధాతువులోంచే పుట్టింది. అంటే వర్షన్‌కు బంధువే. వేదభేదాన్ని చెప్పడానికి రెండువేల ఏళ్ల కిందట ఒక వ్యాకరణవేత్త ఎంచుకున్న మాట, ఈనాటి సాఫ్ట్‌వేర్ భేదాన్ని చెప్పే మాట ఒకే వేరులోంచి మొలిచాయి.

యజుర్వేదం రెండుగా ఎట్లా చీలిందో పురాణాలు చెబుతాయి. వైశంపాయనుడికీ శిష్యుడు యాజ్ఞవల్క్యుడికీ మాట పట్టింపు వచ్చింది. నేర్పింది తిరిగి ఇచ్చి పొమ్మన్నాడు గురువు. శిష్యుడు వేదాన్ని కక్కేశాడు. తక్కిన శిష్యులు తిత్తిరులై, అంటే కౌజుపిట్టలై దాన్ని ఏరుకున్నారు. అది తైత్తిరీయం. యాజ్ఞవల్క్యుడు సూర్యుణ్ణి కొలిచి కొత్త యజుస్సులు తెచ్చుకున్నాడు. అది వాజసనేయం. ఒక ప్రాజెక్టులో పొత్తు కుదరక ఒకరు విడిపోయి వేరు కాపురం పెట్టడాన్ని ఓపెన్ సోర్స్ వాళ్లు ఫోర్క్ అంటారు. 2010లో ఓపెన్ఆఫీస్ నుంచి లిబ్రెఆఫీస్ అట్లాగే విడిపోయింది. యాజ్ఞవల్క్యుడిది ఇంకాస్త కఠినమైన విడిపోవడం. లిబ్రెఆఫీస్ వాళ్లు పాత మూలపాఠం వెంట తెచ్చుకున్నారు, ఆయన మొత్తం అప్పజెప్పి మళ్లీ మొదలుపెట్టాడు.

ఇక్కడ వేదపండితుల మధ్య ఒక నీతి ఉంది. సొంత శాఖ వదిలి ఇంకో శాఖ పట్టినవాణ్ణి శాఖారండుడని తిట్టేవారు. శాఖలు కలవవు, కలపకూడదు. అది వాటి స్వభావం. సంభాషణలో అసలు విషయం వదిలి ఎక్కడెక్కడికో పోతే శాఖాచంక్రమణం అంటాం, కొమ్మ నుంచి కొమ్మకు నడవడం. దూకేది శాఖామృగం, కోతి. ఏ మాట తీసుకున్నా శాఖలో కొమ్మల మధ్య ఖాళీ ఉంది. గెంతితే తప్ప అందదు.

మంథని పేరు మోసే జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ సెంటినరీ కాలనీలో ఉంది. 2010లో మొదలైంది. అక్కడ చదివే అమ్మాయి ఒకామె గిట్ పాఠం తెలుగులో రాసుకుంటూ నన్నడిగింది.

‘సార్, బ్రాంచ్ అంటే శాఖనే కదా?’

‘శాఖేనమ్మా.’

‘మరి పని అయినంక బ్రాంచ్‌ను మళ్ల మెయిన్ల కలుపుతం. చెట్టుకొమ్మ పోయి మళ్ల మొదట్ల కలుస్తదా సార్?’

కలవదు. ఆ ప్రశ్నకు నిఘంటువు జవాబు చెప్పదు. గిట్‌లో పని జరిగే తీరు చూస్తే ఆ అమ్మాయి పట్టుకున్నది ఎంత సూటిదో తెలుస్తుంది. ప్రధాన ధార ఒకటి సాగుతుంటుంది. నేనొక తప్పు సరిచేయాలనుకుంటాను. ప్రధానధారను కదపకుండా పక్కన ఒక ధార తీస్తాను. అందులో నా మార్పులు చేసుకుంటాను. ఈలోగా అవతల ఇతరులూ తమ మార్పులు చేస్తుంటారు. నా పని బాగుందని తేలాక రెండు ధారలూ కలుస్తాయి, మళ్లీ ఒకటిగా సాగుతాయి. విడిపోవడం కలవడానికే. గిట్‌లో బ్రాంచ్ తీయడమంటే ప్రాజెక్టుకంతా నకలు తీయడం కాదు. ఒక పేరు, ఆ పేరు కింద ఫలానా మార్పు దగ్గరున్నానని చెప్పే 40 అంకెలక్షరాల గుర్తు, చివర పంక్తి విరుపు. మొత్తం 41 బైట్ల చిన్న ఫైలు. అందుకే ఎన్ని తీసినా ఖర్చుండదు, కలిపాక తీసేసినా బాధ ఉండదు. ఇంత తేలిగ్గా పుట్టి, కలిసిపోయేదాన్ని కొమ్మ అనడం చెట్టుకూ న్యాయం కాదు.

అప్పుడు నాకు పాయ తట్టింది.

పాయ ధాతువు మన సొంతం. పాయు అంటే విడిపోవు, తొలగు. పాపు అంటే విడదీయు, పోగొట్టు. ఎడము, పాయు కలిస్తే ఎడబాయు, దానినుంచి ఎడబాటు. వియోగాన్ని పాడిన మన కవులందరూ ఈ ధాతువుకు రుణపడినవాళ్లే. తలవెంట్రుకలను రెండుగా చీల్చే పాపట కూడా ఈ ఇంటిదే అనిపిస్తుంది నాకు. పాయసం మాత్రం ఈ కుటుంబం కాదు, అది పాలు అనే అర్థమున్న సంస్కృత పయస్సు బిడ్డ. హైదరాబాదులో పొద్దున్నే నహారీతో తినే పాయా కూడా కాదు, అది పారశీకపు కాలు. ఒకే ధ్వనిలో మూడు భాషలు మూడు వంటింటి తలుపులు తెరవడం తెలుగులోనే సాధ్యం. మూడో వంటింట్లో అసలు పాయ ఉంది. మా వైపు ఉల్లిని ఉల్లిగడ్డ అంటాం, వెల్లుల్లి ఎల్లిగడ్డ. అదే దంచి కారం నూరితే మాత్రం ఎల్లిపాయ కారం అవుతుంది. గడ్డగా ఉన్నంతసేపు గడ్డ, విడదీశాక పాయ. ధాతువు వంటింట్లో కూడా తన అర్థం మరిచిపోలేదు.

ఎడబాటు ధాతువులోంచి పుట్టినా పాయలో దుఃఖం లేదు. అదే దాని గొప్ప. జడకు మూడు పాయలు తీస్తారు, విడివిడిగా ఉంచడానికి తీయరు. పాయ అనగానే అది దేనిదో ఒక పాయ. ఒంటరి పాయ అన్న ఊహే తెలుగులో కుదరదు. గిట్‌లో చరిత్రను గీతలుగా చూపించే ఆదేశం ఒకటి ఉంది. తెర మీద గీతలు చీలి, పక్కపక్కన నడిచి, ఒకదానిలో ఒకటి కలుస్తూ కిందికి దిగుతాయి. దాన్ని చూసి ఎవరూ చెట్టు అనరు.

జడ సంస్కృత జటకు తద్భవం. మంథని వేదపాఠశాలల పక్కనుంచి నడిచేవాళ్లకు జట అంటే ఇంకొకటి. వేదం తప్పుపోకుండా నిలపడానికి పెట్టుకున్న ఎనిమిది పాఠాల్లో మొదటిది జట. రెండు పదాలను ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు అని మెలివేసి చెబుతారు. చివరిది ఘన. ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని మడతలు మడతలుగా సాగుతుంది. ఒక పదం జారితే మెలిక విప్పుకోదు, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. గిట్ కూడా ప్రతి మార్పుకూ దాని వస్తువునుంచే లెక్కగట్టిన గుర్తు వేస్తుంది. ఒక్క అక్షరం మారినా గుర్తు మొత్తం మారిపోతుంది. రెండూ ఒకటే అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఘనపాఠం మార్పును రానివ్వకుండా కాపలా కాసే విద్య. గిట్ ప్రతి మార్పునూ రానిచ్చి, వచ్చినవాడి పేరు రాసుకునే విద్య. మనవాళ్లకు ఇది ఎప్పుడో తెలుసని గుండెలు చరుచుకోవడం కంటే, ఒకే భయానికి రెండు కాలాలు రెండు మందులు కనిపెట్టాయని గుర్తిస్తే ఇద్దరికీ గౌరవం.

జడ కంటే నది దగ్గర పాయ ఇంకా విశాలమవుతుంది. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని పాయలవుతుంది. అవి సముద్రం దాకా కలవవు. మంథని దగ్గర నది సంగతి వేరు. ఆనకట్టలు రాకముందు వేసవిలో ఇక్కడి గోదావరి ఇసుక మేటల మధ్య పాయలు పాయలుగా చీలి, కొంతదూరం పోయి మళ్లీ కలిసేది. ఇట్లా పారే నదిని ఇంగ్లీషు భూగోళ శాస్త్రజ్ఞులు జడ అల్లిన నది అంటారు. వాళ్లు నదికి జడను అరువిచ్చారు. మన భాషలో అరువు అక్కర్లేదు, రెండింటికీ మొదటినుంచీ ఒకటే మాట.

ఓపెన్ సోర్స్ వాళ్లు కూడా బ్రాంచ్ దగ్గర చెట్టెక్కారు గాని తక్కిన చోటల్లా ఏట్లోనే ఉన్నారు. ఒక ప్రాజెక్టు అసలు చోటును వాళ్లు అప్‌స్ట్రీమ్ అంటారు, అంటే ఎగువ. దాన్ని తీసుకుని వాడుకునేవాళ్లు దిగువ. ఎగువ, దిగువ అన్నవి గోదావరి తీరంలో రోజువారీ మాటలు. మంథనికి ఎల్లంపల్లి ఎగువ, అన్నారం దిగువ. దిగువనున్న మనం చేసిన మార్పు ఎగువకు పోవాలంటే నీళ్లలా దానంతట అది పోదు. ఎగువవాళ్లకు విన్నవించాలి, వాళ్లు చదివి సరేననాలి. ఈ విన్నపానికి పుల్ రిక్వెస్ట్ అని పేరు. దిగువ నీటిని ఎగువకు ఎక్కించడానికి మన ఇంజినీర్లు చక్కటి మాట కట్టారు, ఎత్తిపోత. మంథని పరిసరాల మీదుగా సాగే కాళేశ్వరం ఎత్తిపోతల పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. మాట మాత్రం నిక్షేపంలాంటిది. పుల్ రిక్వెస్ట్‌కు అది సరిగ్గా అతుకుతుంది.

బ్రాంచ్ పాయ అయితే మెర్జ్ ఏమవుతుంది? విలీనం అంటున్నారు. నాకు ఒప్పుదల కాదు. విలీనంలో ఉన్నది లీ ధాతువు, కరగడం. ఉప్పు నీళ్లలో విలీనమవుతుంది, తర్వాత ఉప్పు కనబడదు. తెలంగాణలో ఈ మాటకు రాజకీయపు బరువు కూడా ఉంది. 1948 సెప్టెంబరు 17ను విలీనమనాలా విమోచనమనాలా అని ఏటా ఆ తేదీకి వాదం లేస్తుంది. గిట్‌లో మెర్జ్ జరిగినప్పుడు ఏదీ కరగదు. కలిపిన మార్పుకు ఇద్దరు తల్లిదండ్రులున్నట్టు రాసి ఉంటుంది. ఏ పాయలోంచి ఏం వచ్చిందో పదేళ్ల తర్వాతైనా చూడవచ్చు. దానికి సంగమం సరైన మాట. మంథనికి దిగువన కాళేశ్వరంలో ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది. కలిశాక పేరు గోదావరే. అయినా ప్రాణహిత ఎక్కడిదో, దాన్ని కట్టిన వార్ధా, వైన్‌గంగలు ఎక్కడివో పటంలో చెరిగిపోలేదు. ప్రాణహిత గోదావరిలో విలీనమైందని ఆ తీరంలో ఎవరూ అనరు.

పాయలు కలిసేటప్పుడు ఒక్కోసారి తగవు వస్తుంది. ఒకే పంక్తిని నేనొక రకంగా, ఇంకొకరు ఇంకొక రకంగా మార్చి ఉంటాం. గిట్ తీర్పు చెప్పదు. ఏడు కోణపు గుర్తులు పెట్టి ఇది మీది, మధ్యలో ఏడు సమానపు గుర్తులు, మళ్లీ ఏడు కోణపు గుర్తులు పెట్టి అది వారిది అని రెండింటినీ ఫైల్లోనే చూపించి ఊరుకుంటుంది. ఇంగ్లీషులో దీన్ని కాన్‌ఫ్లిక్ట్ అంటారు. మనం సంఘర్షణ అని రాస్తే కొత్తగా నేర్చుకునే పిల్లలు హడలిపోతారు. తాళపత్రాలతో పనిచేసినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకు ఎక్కడెక్కడి ప్రతులో తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, ఒక్కొక్క పద్యం ఏ ప్రతిలో ఎట్లా ఉందో సరిచూయించాడు. 1829లో అచ్చువేశాడు. ఒక పాదం రెండు ప్రతుల్లో రెండు రకాలుగా ఉంటే ఆ పండితులు పాఠభేదం అన్నారు, పోట్లాట అనలేదు. పాఠభేదం వచ్చినచోట పరిష్కర్త ఒకటి ఎంచుకుంటాడు, రెండోదాన్ని అడుగున వేస్తాడు. గిట్‌లో చేయవలసిన పనీ అదే. కాన్‌ఫ్లిక్ట్‌కు పాఠభేదం, దాన్ని తేల్చడానికి పరిష్కరణ. మన పరిష్కర్తలు వాడిన పదజాలం వాళ్లకు తెలియకుండానే ఈ విద్యకు తయారై ఉంది.

కమిట్ అనే మాటకూ కొంత వెతికాను. మార్పును చరిత్రలో ఎక్కించడం కమిట్. కచేరీల్లో పుట్టి ఊళ్లన్నీ తిరిగిన దాఖలు దానికి సరిపోతుంది. అరబ్బీ దాఖిల్, లోపలికి వచ్చినది. దాని చెల్లెలు దాఖలా, రుజువు. గిట్‌లో కమిట్ రెండూను. దాఖలు చేస్తే దాఖలా మిగులుతుంది. ఈ మార్పు ఎందుకు చేశారో ఒక పంక్తి రాయకపోతే గిట్ మామూలుగా ఒప్పుకోదు. పట్వారీల కాలంలో రోజునామచా రాసినవాళ్లకు ఈ పట్టింపు అర్థమయ్యేది.

ఇంకో సరదా సంగతి. ఏ పంక్తి ఎవరు రాశారో చూపే ఆదేశాన్ని గిట్‌లో బ్లేమ్ అంటారు, అంటే నింద. దానికి ముందుది సబ్‌వర్షన్ అనే వ్యవస్థలో ఇదే ఆదేశానికి ప్రెయిజ్, అంటే మెప్పు, అనే మారుపేరు కూడా పెట్టారు. ఏ పేరుతో పిలిచినా వచ్చే జాబితా ఒకటే. భద్రాద్రి రాముణ్ణి తిడుతూనే పొగిడిన కంచర్ల గోపన్న పుట్టిన భాషకు దీన్ని అనువదించడం కష్టం కాదు. నిందాస్తుతి అని మనకు ఒక ప్రక్రియే ఉంది.

మంథని పేరుకే పాఠభేదం ఉంది. ఊరి పాత పేరు మంత్రకూటం, మంత్రపురి అంటారు. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో కాకతీయులు ఓడించిన మంత్రకూటపు గుండడు కనిపిస్తాడు. ఆ మంత్రకూటం ఈ మంథనే అని కొందరు చరిత్రకారులు, కాదని కొందరు. అమరకోశం తెరిస్తే మంథనీ అన్న మాట సరాసరి దొరుకుతుంది, చల్ల చిలికే కుండ. చిలకడం అనే అర్థమున్న మంథ ధాతువే మంథనంలోనూ ఉంది. మంత్రంలోంచి వచ్చిందా, మంథనంలోంచి వచ్చిందా? మంత్రకూటం అరిగి మంథని కావాలంటే త్రకారం పోయి థకారం ఎట్లా వచ్చిందో చెప్పాలి. కుండ నుంచైతే ధ్వనికి అడ్డంకి లేదు గాని చారిత్రక దాఖలా కావాలి. నా మొగ్గు శాసనం వైపే. రెండు పాఠాలనూ పక్కపక్కన ఉంచడం మాత్రం న్యాయం.

ఈ పేరుతోనే గిట్‌లో ఒక ఫైలు పెట్టి చూడండి. మంథని అన్న మాటలో యూనికోడ్ లెక్కకు ఐదు గుర్తులు: మ, సున్న, థ, న, గుడి. ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం 15. మామూలుగా గిట్ ఈ పేరును అక్షరాల్లో చూపదు, మ బదులు 340, 260, 256 అని అంకెలు వల్లిస్తుంది. కంగారు పడనక్కర్లేదు. కోర్ డాట్ కోట్‌పాత్ అనే అమరికను ఫాల్స్ అని పెడితే తెలుగు తెలుగుగా కనిపిస్తుంది. ఇంకొకటి ఉంది. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు వేస్తాం. ఒకరు దాన్ని వేసి, ఇంకొకరు వేయకపోతే గిట్ తేడా ఉందంటుంది. ఒక్కోసారి తెర మీద రెండు పంక్తులూ ఒకేలా ఉంటాయి. తెలుగు అనువాద ఫైళ్లతో పనిచేయబోయేవాళ్లు ఈ రెండూ ముందే తెలుసుకుంటే సగం చిరాకు తప్పుతుంది.

తెలుగువాళ్ల పని ఈ రంగంలో లేకపోలేదు. హైదరాబాదు కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చింది. మండలి, సురవరం, గిడుగు, పెద్దన వంటి పేర్లున్న తెలుగు ఖతులు ఎవరైనా తీసుకుని సవరించుకునే లైసెన్సుతో గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. 1957 నుంచి 1977 దాకా మంథనికి శాసనసభ్యుడైన పి.వి. నరసింహారావు వేయిపడగలను హిందీలోకి తెచ్చిన అనువాదకుడు. వయసు మీద పడ్డాక కోబాల్, బేసిక్ వంటి ప్రోగ్రామింగ్ భాషలు కూర్చుని నేర్చుకున్నారని ఆయన జీవితం రాసినవాళ్లు చెబుతారు. అనువాదం, ప్రోగ్రామింగ్ రెండూ పట్టిన మంథని ప్రతినిధి ఆయన.

గిట్ మూలపాఠంలో పీఓ అనే ఫోల్డరు ఉంది. గిట్ మనిషితో మాట్లాడే వాక్యాలన్నీ భాషకొక ఫైలుగా అందులో ఉంటాయి. స్వీడిష్ వాళ్లు బ్రాంచ్‌ను తమ మాటలో గ్రేన్ అనుకున్నారు, కటలాన్ వాళ్లు బ్రాంకా అనుకున్నారు, జర్మన్లు బ్రాంచ్‌నే ఉంచుకున్నారు. వియత్నమీస్ ఉంది, బల్గేరియన్ ఉంది. తెలుగు లేదు. మంథనిలో, పెద్దపల్లిలో, మంచిర్యాలలో, ఆదిలాబాదులో ఇంజినీరింగ్ చదివే పిల్లలు గిట్ నేర్చుకోవడానికి ఏదో ఒక ప్రాజెక్టు కావాలని వెతుకుతుంటారు. ఇదే పట్టుకోండి. ముందు నకలు దించుకోండి, పక్కన ఒక పాయ తీయండి, పది వాక్యాలు తెలుగు చేసి దాఖలు చేయండి, ఎగువకు పంపండి. బ్రాంచ్ అన్నచోట పాయ అని, మెర్జ్ అన్నచోట సంగమం అని, కాన్‌ఫ్లిక్ట్ అన్నచోట పాఠభేదం అని రాసి చూడండి. నచ్చనివాళ్లు శాఖ, విలీనం, సంఘర్షణ అని ఇంకో పాయ తీయవచ్చు. రెండు పాఠాలూ ఎదురెదురుగా పెట్టుకుని కూర్చుందాం.